మిషన్ దించే చోటు చూశాకే ట్రైలర్ మాట్లాడండి

మట్టి తవ్వే మిషన్‌ను పని చోటికి తెప్పించుకోవడానికి ట్రైలర్ కోసం ఫోన్ చేసినప్పుడు మనవాళ్లు అడిగేవి రెండే: ఎంత తీసుకుంటావ్, ఎప్పుడొస్తావ్. అవతలి మనిషి అడిగేది ఒకటే: ఏ మిషన్. దించే చోట నేల ఎలా ఉంది, పైన కరెంటు తీగలున్నాయా, బండి తిరగడానికి జాగా ఉందా అన్న మాట ఇద్దరి నోటా రాదు. నీటికుంట తవ్వించుకునే రైతు అయినా, ప్లాట్లు వేసే చిన్న కాంట్రాక్టరు అయినా అద్దె తగ్గిందా లేదా చూసుకుంటారే తప్ప, ఇరవై టన్నుల ఇనుము తన పొలం గట్టు దగ్గర ఎలా దిగుతుందో ఆలోచించరు.

ఎక్కించే చోటు సాధారణంగా బాగానే ఉంటుంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరో, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల పక్కనో, హైవే కాంట్రాక్టరు క్యాంపులోనో మిషన్ నిలబడి ఉంటుంది. నేల గట్టిగా ఉంటుంది, ఆపరేటర్‌కు అలవాటైన చోటు. దించాల్సింది మాత్రం కోవెలకుంట్ల దాటాక ఏ నల్లరేగడి పొలం పక్కనో, చీకటి పడే వేళకు, పైన 11 కేవీ కరెంటు లైను పోయే చోట. అందుకే నేను లెక్క వెనక నుంచి మొదలుపెడతాను. ముందు దించే చోటు, దాన్నిబట్టి ట్రైలర్, ట్రైలర్‌ను బట్టి ర్యాంపు. అద్దె సంగతి ఆ తర్వాత.

బరువు, వెడల్పు

మనం హిటాచి అని పిలిచే, టైర్లకు బదులు ఇనుప చైన్ల మీద నడిచే చైన్ మిషన్‌లో ఎక్కువగా తిరిగేది ఇరవై టన్నుల తరగతి. కంపెనీ ఏదైనా బరువు 20 నుంచి 22 టన్నులు, వెడల్పు సుమారు 2.8 మీటర్లు, బూమ్ (మిషన్ ముందుండే పొడుగాటి చేయి) మడిచి పెడితే ఎత్తు మూడు మీటర్లు, కొన్నింటికి కాస్త ఎక్కువ. రాయి కొట్టే బ్రేకర్ కూడా పంపిస్తే ఇంకో టన్నుకు పైగా కలుపుకోవాలి. ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే చేయి ఉండే జేసీబీ ఏడున్నర, ఎనిమిది టన్నులు. మట్టి తొక్కే పెద్ద రోలర్ పదకొండు టన్నుల దాకా ఉంటుంది.

కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం సాధారణ రవాణా బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. అంటే ఇరవై టన్నుల హిటాచి ఎక్కించిన క్షణం నుంచే అది మామూలు లోడు కాదు, కొలత దాటిన లోడు. దానికి రవాణా శాఖ అనుమతి కావాలి. ఆ కాగితం ఉందా అని ట్రైలర్ యజమానిని ముందే అడగండి. "అన్నా, అవన్నీ నేను చూసుకుంటాలే" అన్నాడంటే లేదని అర్థం.

లోబెడ్‌కూ ఎత్తు ట్రైలర్‌కూ అసలు తేడా

అద్దెలో తేడా అందరికీ తెలుసు. ఎత్తు ట్రైలర్ చవక, ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, బండలు దించి ఖాళీగా తిరిగొచ్చేది అయితే ఇంకా తక్కువకు వస్తుంది. ఎత్తులో తేడా ఎంత పని చేస్తుందో మాత్రం చాలామంది లెక్కవేయరు.

లోబెడ్ అంటే నేల నుంచి బెడ్ (మిషన్ నిలబెట్టే తలం) దాకా సుమారు తొంభై సెంటీమీటర్లు, మీటరు. ఎత్తు ట్రైలర్ మీటరున్నర. మిషన్ ఎక్కే వాలు పదిహేను డిగ్రీలు దాటకూడదన్నది తయారీ కంపెనీలు సాధారణంగా చెప్పే హద్దు. కోణం కొలిచే పరికరం ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి సులువైన లెక్క ఒకటి పెట్టుకోండి: ఒక అడుగు ఎత్తుకు నాలుగు అడుగుల ర్యాంపు. మీటరు ఎత్తు లోబెడ్‌కు నాలుగు మీటర్ల ర్యాంపు చాలు. మీటరున్నర ట్రైలర్‌కు ఆరు మీటర్లు కావాలి. ఆరు మీటర్ల ఇనుప ర్యాంపు మోసుకొచ్చే ట్రైలర్ మా వైపు నేను చూడలేదు. రెండున్నర, మూడు మీటర్ల ముక్కలు రెండు వేసి, కింద ఏదో ఒకటి పేర్చి, మిషన్‌ను నిక్కించి ఎక్కిస్తారు. మూడు మీటర్ల ర్యాంపు మీద మీటరున్నర ఎత్తు ఎక్కడమంటే ముప్పై డిగ్రీల వాలు. హద్దుకు రెండింతలు.

ఇక తీగల సంగతి. ఎత్తు ట్రైలర్ మీద హిటాచి నిలబడితే మొత్తం 4.5, 4.6 మీటర్లు అవుతుంది. లోబెడ్ మీద అయితే దాదాపు 4.1. కరెంటు నిబంధనల్లో 11 కేవీ తీగ రోడ్డుకు అడ్డంగా దాటే చోట నేల నుంచి కనీసం 6.1 మీటర్లు ఉండాలి. పొలాల మీదుగా పోయే చోట మాత్రం కనీస ఎత్తు 4.6 మీటర్లే. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మెయిన్ రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేకుండా వచ్చిన బండి పొలం దారిలోకి దిగగానే తీగకు తగిలేంత ఎత్తులో ఉంటుంది. అదీ నిబంధన ప్రకారం కట్టిన లైను అయితేనే. స్తంభం ఒరిగిన చోట, ఎండకు తీగ సాగిన చోట ఆ ఎత్తు కూడా ఉండదు. పైగా హైటెన్షన్ కరెంటుకు తగలాల్సిన పని లేదు, దగ్గరికి వస్తే చాలు, దూకుతుంది.

కాబట్టి చైన్ మిషన్‌కు లోబెడ్ తప్ప ఇంకోటి వద్దంటాను. దానికీ ఒక లోటుంది. బెడ్ కిందికి ఉంటుంది కనుక కాలువ మీద ఎత్తుగా కట్టిన కల్వర్టులు, ఉబ్బెత్తు రైల్వే గేట్లు, పొలం దారిలో వాన కోసిన గండ్లు దాటేటప్పుడు నడుము ఆనుకుంటుంది. కేసీ కెనాల్ కింది పల్లెల్లో ఇలాంటి కల్వర్టులు అడుగడుక్కీ ఉన్నాయి. పొడుగు ఎక్కువ కాబట్టి ఊరి లోపలి మలుపులు తిరగదు. అలాంటి చోట లోబెడ్‌ను మెయిన్ రోడ్డు పక్కనే గట్టి నేల మీద ఆపి, అక్కడ దించి, మిషన్‌ను పొలం దారిలో నడిపించుకుంటూ తీసుకెళ్లాలి. ఒక గంట ఎక్కువ పడుతుంది, డీజిల్ కాస్త కాలుతుంది. తారు రోడ్డు దాటాల్సి వస్తే చైను కింద పాత టైర్లు పరవాలి. "లోపలి దాకా వస్తా" అనే ఎత్తు ట్రైలర్ కంటే "రోడ్డు మీదే దించుతా" అనే లోబెడ్ నాకు నయం.

జేసీబీకి ఈ బాధలేవీ లేవు. టైర్ల మీద నడిచేది, గంటకు నలభై కిలోమీటర్ల లోపు వేగంతో దానంతటదే వెళ్తుంది. కడప నుంచి ఖాజీపేట వెళ్లడానికి ట్రైలర్ పెట్టడం దండగ. నంద్యాల దాకా అయితే టైర్ల అరుగుదల, ఆపరేటర్ అలసట, హైవే మీద రాత్రిపూట వెనక నుంచి వచ్చే బస్సులు, ఇవన్నీ చూసుకుని ట్రైలరే మేలు.

ఇనుప ర్యాంపా, మట్టి ర్యాంపా

ఆపరేటర్లను అడిగితే మట్టి ర్యాంపుకే ఓటు వేస్తారు, వాళ్ల మాటలో నిజముంది. వెడల్పుగా ఉంటుంది, చైను పట్టు దొరుకుతుంది, జారదు, ఇనుము మీద ఇనుము రాసుకునే చప్పుడు ఉండదు. హిటాచి ఉన్నచోట మట్టికి కొదవా? తనే తవ్వి పోసుకుని, బకెట్‌తో కొట్టి, నాలుగుసార్లు తొక్కి మెట్ట చేసుకుంటుంది. దాని వెనక ట్రైలర్‌ను ఆనించి నేరుగా ఎక్కేస్తుంది.

కానీ ఇందులో ఒక చిక్కుంది. దించేటప్పుడు ఆ మెట్ట చేయాల్సిన మిషన్ ట్రైలర్ మీదే ఉంటుంది! బెడ్ మీద నుంచే బూమ్ తిప్పి పక్కన మట్టి తవ్వి పోసుకునే మొనగాళ్లు ఉన్నారు. బూమ్ పక్కకు తిరిగితే బరువంతా ట్రైలర్ ఒక అంచు మీదికి వెళ్తుంది, ఆ వైపు టైర్లు నేలలోకి దిగబడితే బండీ మిషనూ కలిసి ఒరుగుతాయి. కాబట్టి పని చోట అప్పటికే ఒక జేసీబీ ఉంటే తప్ప, మొదటి రోజు దించడానికి ఇనుప ర్యాంపే. మట్టి ర్యాంపు పని ముగిసి తిరిగి ఎక్కించేటప్పటికి.

మట్టి ఏది అన్నది ఇంకో ప్రశ్న. అనంతపురం వైపు ఎర్ర గరుసు నేల అయితే నిశ్చింతగా పోసుకోవచ్చు, తొక్కితే గట్టిపడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడితో మాత్రం వద్దు. ఎండలో రాయిలా కనిపించి, ఒక్క వాన పడితే పిండి ముద్దలా జారిపోతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆ నేలలో ట్రైలర్‌ను తారు రోడ్డు దింపకుండా ఉంటేనే మంచిది. మెట్ట వెడల్పు చైన్ల అంచులకు రెండు వైపులా కనీసం మీటరు ఎక్కువ ఉండాలి, లేకపోతే అంచు విరిగి ఒక చైను కిందికి దిగుతుంది. కాలువ గట్టును ర్యాంపుగా వాడుకోవడం వరికోత మిషన్ల వాళ్లకు అలవాటు. కోత మిషన్ తేలిక, నడిచిపోతుంది. ఇరవై టన్నులకు ఆ గట్టు ఆగదు, తెగితే నీటిపారుదల శాఖతో వచ్చే తంటా వేరే.

ఇనుప ర్యాంపుకు వస్తే, రెండు ముక్కల మధ్య దూరం చైన్ల మధ్య దూరానికి సరిపోవాలి, కొక్కేలు బెడ్‌కు పట్టి ఉండాలి, చైనుకు అంటిన బంకమట్టి గీకేయాలి. తడి మట్టి అంటిన చైను ఇనుము మీద సబ్బు మీద కాలు పెట్టినట్టు జారుతుంది. ర్యాంపు మీద మందపాటి చెక్కలో, పాత కన్వేయర్ బెల్టు రబ్బరో పరిస్తే చాలా తేడా కనిపిస్తుంది. రోలర్‌కైతే ఇది తప్పనిసరి. దాని డ్రమ్ము నున్నని ఇనుము, ర్యాంపూ ఇనుమే, పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? రోలర్లు ర్యాంపు మీద నుంచి పక్కకు జారి పడేది ఇందుకే. వైబ్రేషన్ స్విచ్ ఆపి ఉందో లేదో కూడా ఎక్కే ముందే చూడాలి.

ర్యాంపు కింద ఎత్తు పెట్టడానికి ఏది వాడుతున్నారో గమనించండి. మన జిల్లాల్లో చేతికి అందేది బండే. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ చదునుగా, ఒకే మందంలో, ఎక్కడ చూసినా ముక్కలు పడి ఉంటాయి. నాలుగు పేర్చి ర్యాంపు కాలు వాటి మీద పెట్టేస్తారు. ఇంట్లో పరుచుకోవడానికి ఎంత మంచి రాయో, ఈ పనికి అంత చెడ్డది. పరిచిన బండకు కింద పూర్తిగా ఆసరా ఉంటుంది. పేర్చిన బండకు అంచున ఆసరా ఉండదు, బరువు పడగానే పెళుసుగా పగులుతుంది. నున్నటి బండ మీద నున్నటి బండ జారనూ జారుతుంది. రైల్వే స్లీపరు చెక్కలు రెండు మూడు ట్రైలర్‌లోనే పెట్టుకు తిరిగే డ్రైవర్ దొరికితే, కాస్త ఎక్కువ అడిగినా అతన్నే పిలవండి.

బకెట్ ఊతతో ఎక్కడం

ర్యాంపు లేకుండా బకెట్‌ను బెడ్ మీద ఆనించి, ముందు భాగం పైకి లేపి, చైను అంచున పెట్టి, తర్వాత బూమ్ వెనక్కి తిప్పి నేలకు ఊతమిచ్చి ఎక్కేస్తారు. చూడ్డానికి సర్కస్‌లా ఉంటుంది, జనం వీడియోలు తీస్తారు. బూమ్ సిలిండర్లు మట్టి తవ్వడానికి చేసినవి, మిషన్ బరువంతా మోస్తూ పక్కకు తిరగడానికి కాదు. ఆ సమయంలో ఒక్క హైడ్రాలిక్ పైపు పగిలినా, ట్రైలర్ ఒక్క అడుగు ముందుకు కదిలినా ఆపరేటర్ చేతిలో ఏమీ ఉండదు. దీన్ని నేను ఒక ఎంపికగా లెక్కపెట్టను. "ర్యాంపు ఎందుకన్నా, మనోడు అట్నే ఎక్కిస్తాడు" అన్న మాట వింటే ఆ బేరం అక్కడే ఆపేయండి.

హైడ్రాతో ఎత్తి పెట్టడం

తనంతట తాను నడవలేని వాటికి మనం హైడ్రా అని పిలిచే క్రేనే దిక్కు. తాడిపత్రి, బేతంచెర్లలో బండ కోసే మిషన్లు, జనరేటర్లు, ఇంజను పోయి నిలిచిన రోలర్లు ఇలాగే కదులుతాయి. నడిచే మిషన్‌ను క్రేన్‌తో ఎత్తించాల్సిన అవసరం మాత్రం దాదాపు రాదు.

హైడ్రా విషయంలో అందరూ పొరబడేది టన్నుల దగ్గర. 14 టన్నుల హైడ్రా అంటే బూమ్ పూర్తిగా ముడిచి, లోడు తన ముక్కు దగ్గర ఉన్నప్పుడు 14 టన్నులు. ట్రైలర్ మధ్యకు అందించడానికి బూమ్ చాచేసరికి అందులో సగం కూడా మిగలకపోవచ్చు. లోడు పట్టుకుని స్టీరింగ్ తిప్పినప్పుడు ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే నడుము దగ్గర విరిగే బండి కాబట్టి బరువు పక్కకు పోతుంది. ఎంత దూరానికి ఎంత ఎత్తవచ్చో చెప్పే చార్టు క్యాబిన్‌లో అంటించి ఉంటుంది. అది చూపించమనండి. చిరిగిపోయింది అంటే మీరు వేరే హైడ్రా చూసుకోండి. రెండు హైడ్రాలు చెరో వైపు పట్టి హిటాచిని ఎత్తడం కనిపిస్తుంటుంది. ఒకటి ఒక జాన ఎక్కువ లేపితే రెండోదాని మీద బరువు మారిపోతుంది. అది అనుభవమున్న రిగ్గర్ (బరువులు కట్టి ఎత్తించే పనివాడు) దగ్గరుండి చేయించాల్సిన పని. పైన తీగలున్న చోట హైడ్రా మాటే ఎత్తకండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా

ట్రైలర్‌కు ముందు ఇంజను బండి తగిలించే ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి. మిషన్ వెనక అంచున కాలు పెట్టగానే వెనక భాగం కుంగి ముందు భాగం తేలుతుంది. అందుకే వెనక మూలల కింద స్టాండ్లో, స్లీపర్లో పెడతారు. వాటిని ఎగ్గొడితే బండి మొత్తం ఊగుతుంది.

హిటాచిలో వేగం స్విచ్ మీద కుందేలు, తాబేలు బొమ్మలుంటాయి. తాబేలు మీదే ఉండాలి. ఇంజను వేగాన్ని దానంతటదే తగ్గించే స్విచ్ ఉంటే ఆపేయాలి, లేకపోతే ర్యాంపు మధ్యలో వేగం హఠాత్తుగా మారుతుంది. ర్యాంపు మీద దిశ సరిచేసుకోకూడదు. వంకర పోయిందనిపిస్తే కిందికి దిగి, నేల మీద సరిచేసుకుని మళ్లీ ఎక్కాలి. ర్యాంపు, బెడ్ కలిసే అంచు దగ్గర మిషన్ ఒక్క క్షణం త్రాసులా నిలబడి ముందుకు ఒరుగుతుంది. అక్కడ ఎంత నిదానంగా పోతే అంత మంచిది. బూమ్ కిందికి, బకెట్ నేలకు దగ్గరగా ఉండాలి. బూమ్ పైకి చాస్తే దాని కొన తొమ్మిది మీటర్ల దాకా పోగలదు, తీగల మాట అప్పుడు మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

దిగేటప్పుడు మిషన్ వెనక్కి నడవాల్సి వస్తే, వెనక కౌంటర్‌వెయిట్ (తూకం కోసం ఉండే ఇనుప దిమ్మ) అడ్డంగా ఉంటుంది, ఆపరేటర్‌కు ర్యాంపు కనిపించదు. కాబట్టి సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి, ఆపరేటర్‌కు కనిపించే చోట, మిషన్ ఒరిగితే మీద పడనంత దూరంలో. మనవాళ్లు పదిమంది చేరి తలా ఒక వైపు "రానీ, రానీ" అని అరుస్తారు. అందరినీ అవతలికి పంపించేయడమే మీరు చేయగల పెద్ద సాయం. చెప్పులు వేసుకుని ర్యాంపు పక్కన నిలబడి చైను కింద చెక్కలు తోసే క్లీనర్ కుర్రాడిని కూడా.

ఒకవేళ మిషన్ తీగకు తగిలితే ఆపరేటర్ క్యాబిన్ దిగకూడదు, బయటివాళ్లు బండిని ముట్టుకోకూడదు. కరెంటు ఆపించడానికి 1912 కు ఫోన్ చేయాలి. మంటలు లేచి దిగక తప్పకపోతే రెండు కాళ్లూ దగ్గర పెట్టి దూరంగా దూకి, అడుగులు ఎడంగా వేయకుండా జరుగుతూ పోవాలి. అసలు లైను కింద దించక తప్పదనుకుంటే ముందు రోజే కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి సప్లై ఆపించుకోవచ్చు.

ఇక మిషన్‌ను ట్రైలర్‌కు కట్టే చైన్ల గురించి క్లుప్తంగా. "అంత బరువుంది, ఎక్కడికి పోతుందిలే" అనేది మా వైపు గట్టి నమ్మకం. మిషన్ నడిచే ఇనుప చైను ఇనుప బెడ్ మీద జారడానికి బరువు అడ్డు రాదు. నాలుగు మూలలా నాలుగు కట్టు చైన్లు, బకెట్‌కు ఒకటి, తిరగకుండా స్వింగ్ లాక్. తాళ్లు పనికిరావు. కడప నుంచి రాయచోటి వైపు పోయే లోడు అయితే గువ్వలచెరువు ఘాట్ ఎక్కే ముందు ఆపి మళ్లీ బిగించాలి, మొదటి కొన్ని కిలోమీటర్లలో చైన్లు వదులవుతాయి.

దించిన రోజే ఇంకో పని చేయించుకోండి. తవ్వకం మొదలైనప్పుడు పైకొచ్చే నల్లమట్టి ఒక వైపు, లోపల తగిలే గరుసు ఇంకో వైపు వేయించి, రోడ్డుకు దగ్గరగా తీగల్లేని చోట ఆ గరుసు కుప్పను అలాగే ఉంచమనండి. పని ముగిశాక ట్రైలర్ వచ్చేసరికి మెట్టకు కావాల్సిన మట్టి అక్కడే ఉంటుంది.